అప్‌డేట్: 8 కిలోల క్యాబిన్ బ్యాగ్ ఏమైందంటే

రెండు వేర్వేరు సంస్థల విమానాల్లో వెళ్లాలి, 8 కిలోల క్యాబిన్ బ్యాగ్‌తో ఇబ్బందా అని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, వెళ్లొచ్చాను. మొదటి విమానంలో ఎవరూ పట్టించుకోలేదు. రెండోదానికి లిమిట్ 7 కిలోలు, గేటు దగ్గర తూకం వేశారు. 8.2! వెనక పెద్ద క్యూ, నాకేమో టెన్షన్. జాకెట్ తీసి తొడుక్కుని, ఛార్జర్లు, లావుపాటి పుస్తకం దాని జేబుల్లో కుక్కితే 6.9కి దిగింది. ఆ బరువంతా నా ఒంటి మీదే ఉంది, అయినా వెళ్లమన్నారు!

సైజు మాత్రం అలా సర్దలేం. మీరు చెప్పినట్టు చక్రాలు, హ్యాండిల్‌తో కలిపి కొలిస్తే నా ‘55 సెంటీమీటర్ల’ బ్యాగ్ 58 తేలింది. లిమిట్ దాటేసింది, అందుకే తమ్ముడి చిన్న బ్యాగ్ పట్టుకెళ్లాను. నా ముందాయన బ్యాగ్ గేటు దగ్గర సైజు చూసే ఫ్రేములో పట్టక కార్గోలోకి పంపేశారు. పవర్ బ్యాంక్ కార్గోలో వెళ్లకూడదు కాబట్టి, పాపం, అక్కడే నేల మీద బ్యాగంతా విప్పి వెతుక్కున్నాడు.