‘జీవకణం’ బతికున్నదేనా? బయోమార్కర్‌ను ‘ఆనవాలు’ అనొచ్చా?

గ్రూపు పెద్దలకు నమస్కారం. నేను హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో తెలుగు చెప్తాను. ఫిబ్రవరి 28 సైన్స్ డే కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక చార్టు రాశారు. పై వరుస ఇది: “జీవకణాల్లోని జీవసూచికలను నానో పదార్థాలతో గుర్తించి చిత్రీకరించుట.” తప్పులు దిద్దమని నాకు తెచ్చి ఇచ్చారు. అక్షర దోషం ఒక్కటీ లేదు. కానీ చార్టు పట్టుకున్న అమ్మాయే అడిగింది: “సార్, కణం అంటేనే జీవకణం కదా. మరి ఇందుల కొత్త ముచ్చట ఏమున్నది?”

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. మనం ‘జీవకణం’ అన్నప్పుడు జీవుల శరీరంలో ఉండే కణం అనే అర్థమే వస్తుంది, అది బతికి ఉందో లేదో ఆ మాట చెప్పదు. ముక్క పరీక్షకు తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో వేస్తారు. అందులో ఉన్నవీ జీవకణాలే, కానీ చచ్చినవి. కణంలో ఫలానా ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏ లాంటి అణువు) ఎంత ఉందో కొలవాలంటే మామూలుగా వేలకొద్దీ కణాలను పగలగొట్టి, లోపలి సరుకంతా కలిపి చూస్తారు. కణం బతికి, కదులుతూ ఉండగానే లోపల ఏం జరుగుతోందో చూడడమే ఈ నానో పద్ధతిలో అసలు సంగతి. ‘జీవకణాల్లో’ అని రాయగానే ఆ సంగతి జారిపోయింది. ‘బతికున్న కణాల్లో’ అని రాయమన్నాను.

రెండోది ‘జీవసూచిక’, బయోమార్కర్‌కు పిల్లలు రాసిన మాట. చెట్ల బెరడు మీద, రాళ్ల మీద పెరుగుతూ గాలి ఎంత శుభ్రంగా ఉందో తెలిపే లైకెన్లను కూడా జీవసూచికలే అంటారు. రోగం గురించి చెప్పే అణువుకు, అంటే బయోమార్కర్‌కు, నాకు ‘ఆనవాలు’ తడుతోంది. మేడారం జాతరలో మైకు వినని వాళ్లు మన దగ్గర తక్కువ. “ఆరేండ్ల పిల్లగాడు, ఎర్ర అంగి, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ” అని లక్షల మందిలో ఒక్క పిల్లవాడి కోసం చెప్పేవి ఆనవాళ్లే. కణం లోపలా అంతే జన సందోహం. అందులో ఒక్క అణువును పట్టాలి. మీరేమంటారు?

పరకాల సభ్యుడు: ‘బతికున్న కణం’ బాగుంది సార్. ‘జాడ’ ఎందుకు వద్దు?

నా జవాబు: జాడ మనిషి వెళ్లిపోయాక మిగిలేది. కాలి జాడ, బండి జాడ. మనకు కావలసింది అక్కడే ఉన్నదాన్ని పోల్చుకోవడం. అందుకే ఆనవాలు.

ములుగు సభ్యురాలు: హనుమంతుడు సీతమ్మకు చూపిన ఉంగరం కూడా ఆనవాలే. కానీ అది వెతకబోయినవాడు వెంట తీసుకెళ్లింది. బయోమార్కర్ మాత్రం వెతకబడే చోట ఉండేది. పొసుగుతుందా?

నా జవాబు: మంచి పట్టు పట్టారమ్మా. అయితే సీతమ్మ తిరిగి ఇచ్చిన చూడామణీ ఆనవాలే కదా. విచిత్రంగా ఈ పనిలోనూ వెంట తీసుకెళ్లేదీ, అక్కడ దొరికేదీ రెండూ ఉన్నాయి. మా బయాలజీ మేడం చెప్పినట్టే రాస్తాను. సుమారు 15 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు) బంగారు రేణువు తీసుకుంటారు. ఆ రేణువును మిరప గింజంత అనుకుంటే కణం ఒక పడక గదంత. దాని చుట్టూ డీఎన్‌ఏ పోగులు అతికిస్తారు. ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏకి సరిగ్గా జత కుదిరేలా అల్లిన పోగులవి. ఆ పోగులను పట్టుకొని రంగు అణువున్న చిన్న ముక్కలు ఉంటాయి. బంగారం దగ్గర ఉన్నంతసేపు ఆ రంగు వెలగదు. అసలు జత వచ్చి పోగును పట్టుకోగానే చిన్న ముక్క ఊడిపోతుంది, బంగారానికి దూరమై వెలుగుతుంది. మైక్రోస్కోపులో ఆ వెలుగే కనిపిస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 అక్షరాల పొడవున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ తునక. వీటిని కనిపెట్టినందుకే 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు వైద్యంలో నోబెల్ వచ్చింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 అనేది చాలా రకాల క్యాన్సర్ కణాల్లో మోతాదు మించి ఉంటుంది.

జనగామ సభ్యుడు: ఆ వెలుగు ఆపి ఉంచడాన్ని మా పాఠాల్లో ‘శమనం’ అని రాస్తే పిల్లలకు ఎక్కడం లేదు. మీరు చెప్పింది వింటే నివురుగప్పిన నిప్పు గుర్తొచ్చింది. బంగారమే నివురు.

నా జవాబు: అయ్యా, ఈ మాట కోసమే కదా గ్రూపులో అడిగేది! రేపే చార్టు మీద రాయిస్తాను.

భూపాలపల్లి సభ్యురాలు (ల్యాబ్ టెక్నీషియన్): నాకు ఆనవాలుతో ఒక పేచీ ఉంది. ఆనవాలు ఉందా లేదా అంటాం గానీ, ఎంత ఉంది అనం. నేను రోజూ చూసే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పేది), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) బయోమార్కర్లే. షుగర్ పేషెంటుకు హెచ్‌బీఏ1సీ 6.5 శాతం వేరు, 9 శాతం వేరు. అంకె లేకుంటే ఆ రిపోర్టుకు విలువ లేదు. ‘సూచిక’ అన్నప్పుడు కనీసం అంకె ధ్వనిస్తుంది. మీరు చెప్పిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 కూడా మంచి కణంలో అసలే లేకుండా ఉండదు, కొంచెం ఉంటుంది.

నా జవాబు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదమ్మా. మీ మాట నిజం. పుట్టుమచ్చ ఎక్కువ తక్కువలుండవు. పిల్లలకు మొదటిసారి చెప్పేటప్పుడు ‘ఆనవాలు’ అంటే వెంటనే అందుతుంది, దానికి ‘మోతాదు’ జోడించి వాక్యం నడపాలి. రిపోర్టులో, వ్యాసంలో ‘బయోమార్కర్’ అనే ఉంచుదాం. ‘జీవసూచిక’ను లైకెన్లకు వదిలేద్దాం.

పరకాల సభ్యుడు: నానో అంటే మా ఊర్లో నానో యూరియా బాటిలే సార్. బంగారం అంటే నమ్ముతరా?

నా జవాబు: కరోనా టెస్టు కిట్టు చూపించండి. చాలా కిట్లలో ఆ గులాబీ గీత రంగు సన్న బంగారు రేణువులదే. అంత చిన్నగా అయితే బంగారం పచ్చగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది. మా పిల్లలు పాత కిట్టు ఒకటి చార్టుకు అంటించారు. దాని చుట్టూ ఎంత గుమిగూడారో! క్వాంటం డాట్లు అనే వెలిగే నానో రేణువుల్లోనూ ఇదే వింత. పదార్థం ఒక్కటే, రేణువు చిన్నదైతే నీలంగా, పెద్దదైతే ఎర్రగా వెలుగుతుంది. 2023 రసాయనశాస్త్ర నోబెల్ వాటికే.

భూపాలపల్లి సభ్యురాలు: ఆ డాట్లలో చాలావాటిలో కాడ్మియం ఉంటుందని కూడా చెప్పండి. విషం. బయటికి కారితే, చూడబోయిన కణమే చస్తుంది.

నా జవాబు: తప్పకుండా చెప్తాను. ‘బతికున్న’ అని రాశాక ఆ మాట నిలబెట్టాలి కదా. ఇది ఎక్కువగా ల్యాబ్ గిన్నెల్లో పెంచిన కణాల మీద జరుగుతున్న పని అనీ, ఆసుపత్రిలో రోగికి చేసే మామూలు టెస్టు కాదనీ కింద ఒక వరుస రాయించాను. క్యాన్సర్ తెలిసిన ఇంట్లో ఎవరైనా ఈ చార్టు చూసి లేనిపోని ఆశ పడకూడదు.

‘చిత్రీకరించుట’ కూడా తీసేశాం. పిల్లలు ఒప్పుకున్న పై వరుస ఇప్పుడు ఇలా ఉంది: “బతికున్న కణం లోపల రోగం ఆనవాళ్లు వెలిగేలా చేసి, బొమ్మ తీసి, మోతాదు చూడడం – నానో రేణువులతో.” ‘మోతాదు చూడడం’ నిన్న రాత్రి మీ పేచీ చదివాక చేర్చిందే.