పదహారేళ్ల పిల్లాడికి బండి ఇవ్వొచ్చా? బెంగళూరులో లైసెన్స్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కాడుగోడి_అమ్మ:
అందరికీ నమస్తే. మావాడు పీయూసీ (మన ఇంటర్ లాంటిది) మొదటి సంవత్సరం, ఈమధ్యే 16 నిండాయి. కాలేజీ ఇందిరానగర్ వైపు, మేముండేది కాడుగోడి మెట్రోకి బాగా లోపలికి. తోటి పిల్లలు యాక్టివాల మీద వస్తున్నారని, 16కే లైసెన్స్ ఇస్తారని రోజూ ఇంట్లో ఇదే గోల. మా ఆయన యాక్టివా పార్కింగ్‌లో ఊరికే పడుంటుంది, అదిచ్చేస్తే పోలా అని మా అత్తగారు. బ్యాటరీ బండి అయితే అసలు ఏ గొడవా ఉండదని షాపువాళ్లు అంటున్నారు. ఏది నమ్మాలి?

కడప_కేఆర్‌పురం:
అక్కా, 16కి లైసెన్స్ ఉన్నమాట నిజమే, కానీ దేనికో పిల్లలు చెప్పరు. మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం 50 సీసీ దాటని బండికే. అదీ తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్స్) ఇస్తారు. యాక్టివా 110 సీసీ బండి, దానికి 18 నిండాల్సిందే. లైసెన్సులకు అప్లై చేసే ప్రభుత్వ సారథి సైట్లో 50 సీసీ లోపు బండ్లకు క్లాసే వేరుగా ఉంటుంది. ఆ ఎల్ఎల్ఆర్ జేబులో పెట్టుకుని యాక్టివా తీస్తే లైసెన్స్ లేకుండా నడిపినట్టే.

పాతమోపెడ్:
హోసూరులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని, ఒక మాట చెప్తాను. ఈ చట్టం 1988 నాటిది. అప్పట్లో వీధుల్లో తిరిగేవి లూనాలు, 1980లో వచ్చిన టీవీఎస్ 50లు. పాలక్యాన్లు కట్టుకుని వెళ్లేవాళ్ల దగ్గర్నుంచి ట్యూషన్‌కెళ్లే పిల్లల దాకా అందరికీ అవే, కాబట్టి 50 సీసీ అనే గీత అప్పటికి అర్థవంతమైనదే. తర్వాత స్కూటీ 60 సీసీతో వచ్చింది, ఇప్పటి ఎక్సెల్ 100 ఇంజినేమో 99.7 సీసీ. ఈరోజు షోరూముకెళ్లి 50 సీసీ పెట్రోలు బండి కావాలంటే చూపించేవాళ్లు లేరు. చట్టంలో వీలుంది, వీధిలో బండి లేదు. అందుకే 16కి లైసెన్స్ వస్తుందన్న మాట పిల్లల చేతుల్లో పడి పెద్ద బండ్లకు సాకైపోయింది, నాకు దిగులు కలిగించేది అదే.

నెల్లూరు_వకీలు:
ఫైన్ కట్టి బయటపడొచ్చు అనుకునేవాళ్లు 199ఎ సెక్షన్ ఒకసారి చదవండి. 2019 సవరణలో వచ్చింది. మైనర్ బండితో తప్పు చేస్తే తల్లిదండ్రులు లేదా బండి ఓనరు మీద కేసు: మూడేళ్ల వరకూ జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. తమకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి చేయగలిగిందంతా చేశామనో రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. తాళం రోజూ టీవీ పక్కన కొక్కేనికి తగిలించి ఉంచి, నాకు తెలీదంటే కోర్టులో నిలబడటం కష్టం. పిల్లాడికి తగిలే దెబ్బ ఇంకా పెద్దది. 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ పొందే అర్హత ఉండదు. డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో చేరినా బండి ముట్టుకోలేడు.

బీటీఎం_వాసు:
దీనికి తోడు ఇన్సూరెన్స్ కూడా. మా పాత అపార్ట్‌మెంట్‌లో ఒక ఇంటర్ కుర్రాడు వాళ్ల నాన్న బండితో రోడ్డు దాటుతున్న పెద్దాయన్ని గుద్దాడు, తుంటి విరిగింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఆ నాన్న ధైర్యంగానే ఉన్నారు. కంపెనీ ఆ పెద్దాయనకి డబ్బు కట్టింది, తర్వాత లైసెన్స్ లేని మైనర్‌కి బండి ఇచ్చారని అదే మొత్తం ఈయన దగ్గర్నుంచి వసూలుకి దిగింది. ఊళ్లో స్థలం అమ్మేదాకా వచ్చింది. ఆ ఇంట్లో పడ్డ టెన్షన్ పగవాడిక్కూడా వద్దు.

చిత్తూరు_ఈవీ:
బ్యాటరీ బండి గురించి నేను చెప్తాను, మా తమ్ముడి కోసం షాపులన్నీ తిరిగాను. మోటారు పవర్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు మించకూడదు. ఈ మూడూ ఉంటేనే చట్టం లెక్కలో అది మోటారు వాహనం కాదు, లైసెన్స్, రిజిస్ట్రేషన్ అడగరు. ఒక్కటి తప్పినా మామూలు స్కూటరే, అన్నీ వర్తిస్తాయి.

గొడవంతా ఇక్కడే. ఒక షాపులో సీటు ఎత్తి చూపించాడు. కంట్రోలర్ దగ్గర చిన్న తెల్ల వైరు, రెండు ముక్కలు క్లిప్పుతో కలిపి ఉన్నాయి. "ఇది ఊడదీస్తే 45 స్పీడ్‌తో పోతుంది సార్, మీకు కావాలంటే ఇప్పుడే తీసేస్తా" అన్నాడు. స్టిక్కర్ మీద మాత్రం 250 వాట్లనే ఉంది! ఆ వైరు తీసిన క్షణం నుంచి అది నంబర్‌ప్లేట్, ఇన్సూరెన్స్, లైసెన్స్ ఏవీ లేని మోటారు వాహనం. కొనేముందు టెస్ట్ సర్టిఫికెట్ కాపీ అడగండి, పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి బండ్లను పరీక్షించే సంస్థలు ఇస్తాయి. మోడల్ పేరు సరిపోయిందో లేదో చూసుకోండి. కాగితం చూపించకుండా మాటలు చెప్తే లేచి వచ్చేయండి.

పీయూ_కుర్రాడు:
అన్నా, నాకు 17. మా బ్యాచ్‌లో అందరూ నడుపుతున్నారు, ఎవరూ పట్టుకోలేదు. 25 స్పీడ్‌తో ఔటర్ రింగ్ రోడ్ మీద వెళ్తే వెనకాల బస్సులు హారన్‌తో చంపేస్తాయి.

చిత్తూరు_ఈవీ:
తమ్ముడూ, హారన్ గురించి నువ్వన్నది నిజం, ఆ బండి రింగ్ రోడ్డుకి పనికిరాదు. లేఅవుట్ లోపల, మెట్రో స్టేషన్ దాకా, అంతే. హెల్మెట్ చట్టం అడిగినా అడగకపోయినా పెట్టుకోవాల్సిందే. పట్టుకోకపోవడం సంగతంటావా, బీటీఎం అన్న రాసింది మళ్లీ చదువు. అక్కడ వాళ్లని పట్టించింది పోలీసులు కాదు, యాక్సిడెంట్.

కాడుగోడి_అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. యాక్టివా తాళం ఈరోజే బీరువాలో పెట్టేశాను. కాడుగోడి నుంచి ఇందిరానగర్‌కి పర్పుల్ లైన్ నేరుగా ఉంది కాబట్టి స్టేషన్ దాకా సైకిలే అని వాడికి చెప్పాం, మొహం మాడ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. ఒక్కటి చెప్పండి, 18 నిండాక ఏం చేయాలి? మా ఆధార్లు ఇంకా అనంతపురం అడ్రసుతోనే ఉన్నాయి.

కడప_కేఆర్‌పురం:
రెండు దార్లున్నాయి అక్కా. ఆధార్‌లో బెంగళూరు అడ్రసు మార్పించుకుని ఇక్కడ అప్లై చేయండి, లేదంటే సెలవుల్లో అనంతపురంలోనే తీసుకోండి. ఎక్కడ తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలుంటుంది, వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్లొచ్చు. ఆ లోపు బండికి ఎల్ బోర్డు ఉండాలి, నేర్పించేవాళ్లు తప్ప వెనకాల ఇంకెవరూ కూర్చోకూడదు. గేరు బండి కూడా నడపాలనుకుంటే మొదటిసారే ఆ క్లాసుకి అప్లై చేయించండి, తర్వాత మళ్లీ తిరిగే పని తప్పుతుంది.