78 కార్డులూ బట్టీ పట్టేశా, మూడు కలిపి చదవమంటే మాత్రం మాట రావట్లేదు

కొత్త_డెక్:
అందరికీ హాయ్. టారో (బొమ్మల కార్డులు తీసి ప్రశ్నకి జవాబు చదవడం) మొదలుపెట్టి రెండు నెలలైంది, రైడర్ వెయిట్ డెక్, మీనింగ్స్ అన్నీ బట్టీ వచ్చేశాయి, ఒక్కో కార్డు చూపించి అడిగితే టకటకా చెప్పేస్తా. కానీ మూడు కార్డులు పక్కపక్కన పడ్డాయంటే చాలు, మూడు వేరే వేరే సీరియళ్ళలో సీన్లు చూస్తున్నట్టు ఉంటుంది. నిన్న 'ఉద్యోగం మారాలా' అని తీస్తే ఫోర్ ఆఫ్ కప్స్, నైట్ ఆఫ్ పెంటకిల్స్, ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయి. డెక్‌తో ఇచ్చిన చిన్న పుస్తకంలో విసుగు, ఓపిక, బంధనం అని ఉంది. సరే, అయితే ఏంటి? మారాలా వద్దా? మీరంతా మొదట్లో ఎలా నేర్చుకున్నారో చెప్పండి, తిట్టినా పర్లేదు.

పాత_పేక:
తిట్టను గానీ ఆ చిన్న పుస్తకం ఓ నెల సొరుగులో పడేయండి. మీ డెక్ 1909లో వచ్చింది, బొమ్మలేసింది పమేలా కోల్మన్ స్మిత్. మార్సెయ్ లాంటి పాత డెక్కుల్లో ఫోర్ ఆఫ్ కప్స్ అంటే నాలుగు కప్పులు, అంతే, మనిషీ లేడు కథా లేదు. ఈవిడ మైనర్ ఆర్కానా, అంటే కప్స్, స్వోర్డ్స్ లాంటి చిన్న కార్డులు 56 ఉంటాయే, వాటిలో దాదాపు అన్నిటికీ మనుషుల్నో సీన్లనో గీసింది. అంత కష్టపడి గీసిన బొమ్మని వదిలేసి మనం 'విసుగు' అనే ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నాం.

ఇప్పుడు మీ మూడు కార్డులూ బల్ల మీద పెట్టి మీనింగ్ మర్చిపోయి చూడండి. మొదటి దాంట్లో ఒకతను చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చున్నాడు, మబ్బులోంచి ఒక చెయ్యి కప్పు ఇస్తోంది, తలెత్తి చూడట్లేదు. రెండోది గుర్రం మీద ఉన్నవాడు, కానీ డెక్‌లో ఉన్న నలుగురు నైట్స్‌లో (గుర్రపు వీరులు) ఇతని గుర్రం ఒక్కటే నాలుగు కాళ్ళ మీదా కదలకుండా నిలబడి ఉంటుంది. మూడో దాంట్లో అమ్మాయికి కళ్ళకి గంతలు, ఒంటికి కట్లు, వెనకా పక్కనా కత్తులు, కానీ కాళ్ళు కట్టలేదు, ముందు దారి ఖాళీ. ఏం కనిపిస్తోంది? ముగ్గురూ ఉన్నచోటనే ఉన్నారు! మీరు 'మారాలా' అని అడిగారు, కార్డులేమో 'ఇన్నాళ్ళూ ఎందుకు కదల్లేదు' అని తిరిగి అడుగుతున్నాయి. నేనైతే ఇలాగే చదువుతా.

కొత్త_డెక్:
ఒళ్ళు జలదరించింది. గుర్రాల సంగతి అసలెప్పుడూ గమనించలేదు.

లెక్కల_పిచ్చి:
పైన చెప్పింది బాగుంది కానీ నాలాంటి వాళ్ళకి బొమ్మ చూసి కథ అల్లడం చేతకాదు, నాకు గడులు కావాలి. 78 గుర్తుపెట్టుకోవడం దండగ. మేజర్ ఆర్కానా 22 (డెత్, జస్టిస్ లాంటి సొంత పేర్లున్న పెద్ద కార్డులు) పక్కన పెట్టండి. మిగతా 56లో మామూలు పేకలో ఇస్పేటు, ఆటీన్ లాగా నాలుగు సూట్లు, ఒక్కో దాంట్లో ఏస్ నుంచి పది దాకా, ఆపైన పేజ్, నైట్, క్వీన్, కింగ్. వాండ్స్ (కర్రలు) ఊపు, కప్స్ మనసు, స్వోర్డ్స్ (కత్తులు) బుర్ర, పెంటకిల్స్ (నాణేలు) డబ్బూ ఒళ్ళూ పనీ. ఏస్ అంటే మొదలు, నాలుగు అంటే కుదురు, అయిదు అంటే ఆ కుదురు చెడటం, పది అంటే నిండిపోవడం. నాలుగు సూట్లలోనూ అయిదు వచ్చిందంటే ఏదో ఒక గొడవే, కావాలంటే నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. సూట్లకి నాలుగు, అంకెలకి పది, ఈ పద్నాలుగు మాటలతో నలభై కార్డులు అయిపోయాయి.

ఒక జాగ్రత్త. నేను వేరే డెక్ మీద రాసిన నోట్సుతో మొదలుపెట్టి స్ట్రెంగ్త్, జస్టిస్ దగ్గర వారం రోజులు జుట్టు పీక్కున్నా. పాత డెక్కుల్లో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11, మన డెక్ తయారుచేయించిన వెయిట్ వాటిని తారుమారు చేశాడు. కోర్ట్ కార్డులు (పేజ్ నుంచి కింగ్ దాకా) మాత్రం రెండేళ్ళైనా నాకు రావు, వాటి గురించి నన్నడగొద్దు.

రాత్రి_డ్యూటీ:
నేను రోజుకో కార్డు తీసి నోట్‌బుక్‌లో రెండు లైన్లు, పడుకునే ముందు ఇంకో రెండు లైన్లు రాస్తా. ఫైవ్ ఆఫ్ కప్స్ మొదటిసారి వచ్చినప్పుడు 'నష్టం' అని రాసి మూసేశా, రెండోసారీ అంతే, మూడోసారి ఎందుకో కార్డు చేతిలో పట్టుకుని కూర్చుంటే అప్పుడు కనబడింది, ఒలికిపోయినవి మూడే, నల్ల దుప్పటి కప్పుకున్నాయన వెనక ఇంకా రెండు కప్పులు నిలబడే ఉన్నాయి! ఎన్నిసార్లు చూశానో ఆ కార్డు, ఆయన చూడలేదు సరే నేనూ చూడలేదు.

ఇంకోటి, ఇంగ్లీష్ కీవర్డ్స్ నాకు ఎక్కలేదు. మన మాటలు రాసుకున్నాక ఎక్కాయి. టూ ఆఫ్ స్వోర్డ్స్ పక్కన 'గోడ మీద పిల్లి'. ఫైవ్ ఆఫ్ వాండ్స్ 'ఎవరి గోల వాళ్ళది'. టెన్ ఆఫ్ వాండ్స్ 'అన్నీ నా నెత్తినే'. సెవెన్ ఆఫ్ పెంటకిల్స్, మొక్కని చూస్తూ నిలబడతాడే, అతనికి 'నాటిన రోజే కాయ కాయమంటే ఎలా'. ఇక మర్చిపోమన్నా మర్చిపోను.

అనుమానప్పక్షి:
నన్ను తిట్టుకోండి కానీ ఒక మాట. ఇది పదిహేనో శతాబ్దంలో ఇటలీలో పుట్టిన పేకాట. ఈజిప్టు పూజారుల రహస్యం అని 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచాయన రాశాడు, అప్పటికి ఈజిప్టు లిపి చదవడం ఎవరికీ రాదు, షాంపోలియన్ దాన్ని విప్పింది 1822లో. కాబట్టి కార్డుకి మన భవిష్యత్తు తెలుసని నేను నమ్మను. అయినా నా దగ్గర డెక్ ఉంది, ఎందుకంటే నన్ను నేను అడగని ప్రశ్నలు అది అడిగిస్తుంది.

నేర్చుకునేవాళ్ళకి నా సలహా: గాలి మాటలు చెప్పకండి. 1948లో ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన స్టూడెంట్స్‌కి 'ఇది నీ గురించే' అని అందరికీ ఒకటే కాగితం ఇస్తే, ఎంత కరెక్ట్ అంటే 5కి సగటున 4.26 వేశారు. 'నువ్వు పైకి ధైర్యంగా ఉంటావు లోపల భయం' అంటే తల ఊపనివాడెవడు? తప్పని తేలే అవకాశం ఉన్న మాట రాయండి, తేదీ వేసి పెట్టుకోండి, తర్వాత తీసి చూడండి. నావి చాలా తప్పాయి, అదే మంచి ట్రైనింగ్.

నోరు_జారింది:
నేను చేసిన తప్పు చెప్తా, ఎవరూ చేయకండి. నేర్చుకున్న మూడో వారంలోనే ఫ్రెండ్‌కి చదివా. డెత్ కార్డు తిప్పగానే నా నోట్లోంచి 'అమ్మో' అని వచ్చేసింది. వాళ్ళ నాన్న అప్పుడు హాస్పిటల్‌లో ఉన్నారు, ఆ సంగతి నాకు తెలీదు, ఆమె చెప్పలేదు. మొహం తెల్లబోయింది. ఆ తర్వాత నేను 'అంటే నిజం చావు కాదు, మార్పు' అని ఎంత చెప్పినా ఎక్కుతుందా? ఆ కార్డులో రాజు పడిపోయి ఉంటాడు నిజమే, కానీ వెనక రెండు టవర్ల మధ్య సూర్యుడు కూడా ఉంటాడు, అది చూపించే తెలివి ఆ టైంలో లేకపోయింది. ఆయన బాగానే ఇంటికొచ్చారు, కానీ ఆమె మళ్ళీ నా డెక్ ముట్టుకోలేదు. అప్పట్నుంచి జబ్బులు, చావులు, కోర్టు కేసులు అడిగితే చదవను, డాక్టరు దగ్గరికో లాయరు దగ్గరికో వెళ్ళమంటా.

పాత_పేక:
ఎదుటివాళ్ళకి చదివేటప్పుడు ముందు మొహం కుదురుగా పెట్టుకోవడం నేర్చుకోవాలి, మీనింగ్స్ తర్వాత.

అర్ధరాత్రి_ప్రశ్న:
నా పరువు నేనే తీసుకుంటా. 'అతను మెసేజ్ చేస్తాడా' అని ఒకే రాత్రి పదకొండు సార్లు తీశా, టూ ఆఫ్ కప్స్ (ప్రేమ జంట కార్డు) వచ్చేదాకా. వచ్చింది, స్క్రీన్‌షాట్‌లా ఫోటో కూడా తీసుకున్నా. మెసేజ్ రాలేదు 😂 ఇప్పుడు ఒక ప్రశ్నకి ఒక్కసారే, మళ్ళీ అడగాలంటే నెల ఆగాలి అని రూల్ పెట్టుకున్నా. రివర్స్ కార్డులు (తలకిందులుగా పడ్డవి) మొదటి నుంచే చదవాలా?

లెక్కల_పిచ్చి:
వద్దు, ముందు నిటారుగా ఉన్నవి రానీయండి. పది కార్డులు పరిచి చదివే సెల్టిక్ క్రాస్ కూడా ఇప్పుడే వద్దు.

రాత్రి_డ్యూటీ:
నేను ఒప్పుకోను, రివర్స్ మొదటి నుంచే చదివా, నాకేం కాలేదు.

కొత్త_డెక్:
మళ్ళీ కార్డులు తీయలేదు, ఆ మూడే నాలుగు రోజులు బల్ల మీద అలాగే ఉంచా. మబ్బులోంచి వచ్చిన ఆ కప్పు చూసినప్పుడల్లా పాత టీమ్‌మేట్ పంపిన మెయిల్ గుర్తొచ్చేది, వాళ్ళ ఆఫీసులో ఖాళీ ఉంది మాట్లాడదామా అని, పన్నెండు రోజులుగా రిప్లై ఇవ్వకుండా వదిలేశా. నిన్న రాత్రి ఇచ్చా. మారతానో లేదో తెలీదు, గురువారం కాల్ ఉంది. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ ఫోటో తీసి జూమ్ చేసి కూడా చూశా, కాళ్ళు నిజంగానే కట్టలేదు.

అనుమానప్పక్షి:
తేదీ వేసి రాసి పెట్టుకో బాబూ!