తీరిక లేని వారంలో లోకం వార్తలు, సొంత పనులు: ఈ రెంటినీ ఎలా సర్దుకుంటున్నారు?

ప్రశ్న

ప్రతి ఆదివారం రాత్రి రాబోయే వారంలో చేయవలసిన పనులను నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. గత ఆదివారం పదకొండు పనులు రాసుకున్నాను. శుక్రవారం రాత్రి పేజీ తెరిచి చూస్తే వాటిలో నాలుగింటికే కొట్టివేత పడింది; మిగిలిన ఏడింటిలో మూడు అంతకు ముందు వారం పేజీ నుంచి మోసుకొచ్చినవే. ఆఫీసులో పని ఎక్కువగా ఉన్న మాట నిజమే గాని, నేరమంతా దాని మీదికి నెట్టడానికి మనస్సు ఒప్పుకోవడం లేదు. ఎందుకంటే బుధవారం సాయంత్రం నాకు రెండు గంటల ఖాళీ దొరికింది. నెల రోజులుగా వాయిదా పడుతున్న ఒక దరఖాస్తును పూర్తి చేద్దామని కూర్చున్నాను. పేరు, పుట్టిన తేదీ నింపానో లేదో, ఫోను తెర మీద ఒక పెద్ద భూకంపం వార్త కనిపించింది. ఒక్క నిమిషం చూసి పక్కన పెడదామనుకున్నాను. తీవ్రత ఎంత, మృతులెందరు, సహాయక బృందాలు చేరాయా అని ఒకదాని వెంట ఒకటి చదువుకుంటూ పోయి తలెత్తేసరికి గంటన్నర గడిచిపోయింది. దరఖాస్తులో చిరునామా గడి ఖాళీగానే ఉంది.

అలా చదివినందుకు నొచ్చుకోవాలో, నొచ్చుకోకూడదో నాకు తేలడం లేదు. అంతమంది ప్రాణాల మీదికి వచ్చినప్పుడు నా దరఖాస్తు గురించి ఆలోచించడమే స్వార్థంగా అనిపిస్తుంది. అలాగని నేను గంటన్నర చదివినందువల్ల అక్కడ ఒక్కరికైనా ఒరిగింది లేదు. చివరికి లోకం గురించి స్థిమితంగా ఆలోచించిందీ లేదు, సొంత పని చేసుకున్నదీ లేదు. మీలో ఎవరైనా దీనికి ఒక పద్ధతి ఏర్పరచుకుని ఉంటే దయచేసి వివరంగా రాయగలరు. వార్తలు పూర్తిగా మానేయమని మాత్రం చెప్పవద్దు. ఒకసారి పది రోజులు మానేసి చూశాను; ఉన్న ఆందోళన తగ్గకపోగా, నాకు తెలియకుండా ఏదో జరిగిపోతోందనే బెంగ కొత్తగా చేరింది.

మొదటి సమాధానం

మీరు రాసినదంతా చదివాక, మీ ఇబ్బంది సమయం చాలకపోవడం కాదనీ, ఏదీ ఒక కొలిక్కి రాకపోవడమనీ నాకు అనిపించింది. పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆగిపోయిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుంటాయని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక అధ్యయనంలో చూపారు. తరువాత ఇతరులు చేసిన ప్రయోగాలలో ఆ ఫలితం ప్రతిసారీ అలాగే రాలేదు కాబట్టి దాన్ని శిలాశాసనంగా భావించనక్కరలేదు గాని, సగంలో వదిలిన పని రాత్రి పడుకునే వేళకు వచ్చి తలుపు తట్టడం మనలో ఎవరికి అనుభవం కాదు?

మీ నోటుపుస్తకంలోని పనికి ఎంత పెద్దదైనా ఎక్కడో ఒకచోట ముగింపు ఉంటుంది. వార్తకు అది లేదు. కాగితం మీద అచ్చయిన పత్రికకైతే చివరి పేజీ ఉండేది. అది చదివి మడత పెట్టేస్తే ఆనాటికి లోకంతో మన లావాదేవీ ముగిసినట్టే. 1930 ఏప్రిల్ 18న, గుడ్ ఫ్రైడే నాడు, బీబీసీ రేడియో సాయంత్రపు వార్తల వేళకు ఈరోజు వార్తలేమీ లేవని ప్రకటించి, పియానో సంగీతం వినిపించింది. అంత ధైర్యం ఈరోజు ఏ ఛానెలుకైనా ఉంటుందా అని అప్పుడప్పుడు నవ్వుకుంటూ ఉంటాను. 1980 జూన్ 1న సీఎన్ఎన్ ప్రసారాలు మొదలయ్యాక ఇరవై నాలుగు గంటలూ వార్తలు నడవడం మామూలైపోయింది. ఆ తరువాత అవి మన జేబులోకే వచ్చాయి. కాబట్టి వార్త తనంతట తాను ముగియదు, ముగింపు మనమే పెట్టుకోవాలి.

ఇక్కడ నాకు ఉపయోగపడిన సంగతి ఒకటి ఉంది. పూర్తికాని పని మనస్సును పీడించకుండా ఉండాలంటే దాన్ని పూర్తి చేసి తీరనక్కరలేదనీ, ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకున్నా ఆ పీడ చాలావరకు తగ్గుతుందనీ 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు తమ ప్రయోగాలలో గమనించారు. నేను దీన్ని వార్తలకు కూడా వాడుతున్నాను. పని మధ్యలో పెద్ద వార్త తెలిస్తే నోటుపుస్తకం అంచున ఒక్క వాక్యం రాస్తాను: "భూకంపం. రాత్రి ఎనిమిదింటికి చూడాలి." అంతే. రాత్రి ఎనిమిదింటికి నిజంగానే చూస్తాను; ఆ మాట తప్పితే మరునాడు మనస్సు నా రాతను నమ్మదు. పైగా భూకంపం వంటి ఘటనలలో తొలి గంటల్లో ప్రకటించిన తీవ్రతను శాస్త్రవేత్తలు తరువాత సవరించడం, మృతుల సంఖ్య రోజుల తరబడి మారుతూ ఉండడం మామూలే. మీరు బుధవారం గంటన్నర చదివి తెలుసుకున్న అంకెలలో ఎన్ని గురువారానికి నిలిచాయో ఒకసారి సరిచూసుకోండి. మరునాడు పది నిమిషాలు చదివినవారికి బహుశా మీకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

రెండవ సమాధానం

నేను కొంచెం కటువుగా చెబుతున్నాను, అన్యథా భావించకండి. తప్పు వార్తలది కాదు, పదకొండు అనే అంకెది. ఆఫీసు పని ఉన్న వారంలో పదకొండు సొంత పనులు పూర్తవుతాయని ఆదివారం రాత్రి ఎలా అనుకున్నారు?

ఈ దురాశ మీ ఒక్కరిదే కాదు లెండి. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను అది ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగితే సుమారు 49 అన్నారు. వాస్తవంలో పట్టింది 55 రోజుల పైచిలుకు. అంటే అన్నీ అడ్డం తిరుగుతాయని ఊహించుకుని చెప్పిన అంచనా కూడా చాలలేదు. కాబట్టి పాత నాలుగు వారాల పేజీలు తిరగేసి, వారానికి సగటున ఎన్ని కొట్టివేతలు పడ్డాయో లెక్కపెట్టండి. అయిదు వస్తే అయిదే రాయండి. మనస్సులోని ఉత్సాహాన్ని కాక, పుస్తకంలోని కొట్టివేతలను నమ్మండి. ఆ పని చేయకుండా ఫోను మీద కోపగించుకోవడం వల్ల లాభం లేదు.

మూడవ సమాధానం

నేను చాలా సంవత్సరాలు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. అందువల్ల పై ఇద్దరూ స్పృశించని కోణం ఒకటి చెబుతాను.

విలేఖరులు రాసి రోజూ డెస్కుకు పంపే వార్తల్లో అచ్చుకు వెళ్లేది కొద్ది భాగమే. ఏది వార్త అవుతుందనే విషయం మీద గాల్టుంగ్, రూగె అనే ఇద్దరు నార్వే పరిశోధకులు 1965లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. అందులో వారు చెప్పిన ఒక కారణం నాకు ప్రతిరోజూ కళ్లకు కట్టేది: పత్రిక వెలువడే వ్యవధిలో మొదలై ముగిసే సంఘటన సులువుగా వార్త అవుతుంది, ఏళ్ల తరబడి మెల్లగా సాగే మార్పు కాదు. వంతెన కూలితే మొదటి పేజీకి ఎక్కుతుంది. అదే వంతెనకు పదేళ్లుగా మరమ్మతులు జరగకపోవడం ఏ పేజీలోనూ కనబడదు. మీరు రోజుకు పదిసార్లు చూస్తే కూలిన వంతెనలే పదిసార్లు కనిపిస్తాయి. వర్తమాన విషయాల మీద ఆలోచన చేయాలనే కోరిక మీకు నిజంగా ఉంటే, శనివారమో ఆదివారమో ఒక గంట కేటాయించి, ఆ వారంలోని ఒకే ఒక్క సంఘటన వెనుకటి చరిత్రను చదవండి. ఆ భూకంపాన్నే తీసుకోండి: అక్కడ భవనాలు ఎందుకు కూలాయి, కట్టడాల నిబంధనలు ఉన్నాయా, ఉంటే అమలయ్యాయా అనే ప్రశ్నలకు సమాధానాలు బుధవారం రాత్రి దొరకవు. అవి నెమ్మదిగా, లోపలి పేజీల్లో వస్తాయి.

ఇక మీ అపరాధ భావం సంగతి. అది మంచి మనస్సుకు గుర్తే గాని, చదవడం ద్వారా తీరేది కాదు. వార్త చూడగానే ఇందులో నేను చేయగలిగిందేమైనా ఉందా అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. ఉంటే అది ఎంత చిన్నదైనా మీ జాబితాలో ఒక పనిగా రాసుకోండి. విపత్తుల సమయంలో పాత బట్టలు మూటకట్టి పంపడం కంటే నమ్మకమైన సహాయ సంస్థకు కొంత సొమ్ము పంపడం ఎక్కువగా అక్కరకొస్తుందని సహాయ కార్యక్రమాలలో ఉన్నవారు తరచుగా చెబుతారు. సొమ్ము పంపడం పది నిమిషాల పని. దానికి కొట్టివేత పడుతుంది. మీ ప్రయాణాన్నో, పరీక్షనో, పొదుపునో నేరుగా తాకే వార్తలుంటే వాటి సంగతి వేరు. వాటిని వెంటనే చదివి, అవసరమైతే పనుల క్రమం మార్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాధానం

ముగ్గురికీ ధన్యవాదాలు. జవాబివ్వడానికి వారం తీసుకున్నాను, ఎందుకంటే ప్రయత్నించి చూశాకే రాయాలనుకున్నాను.

రెండవవారు చెప్పినట్టు పాత పేజీలు లెక్కపెట్టాను. అయిదు, మూడు, ఆరు, నాలుగు. సగటు నాలుగున్నర. కాస్త సిగ్గుపడి అయిదు పనులు రాసుకున్నాను. ఆరవదిగా సహాయ నిధికి సొమ్ము పంపడం చేర్చాను. సోమవారం ఉదయమే అది అయిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ తరువాత భూకంపం వార్తలు చదివేటప్పుడు మునుపటి ఆత్రం లేదు. దరఖాస్తు మంగళవారం రాత్రి పూర్తయింది. చిరునామా గడి దగ్గర నెల రోజులు ఎందుకు ఆగానా అని చూస్తే, శాశ్వత చిరునామా, ప్రస్తుత చిరునామా వేరువేరుగా అడిగారు. రెండవదానికి ఆధారపత్రం వెతకాలి. అసలు అడ్డంకి అదన్నమాట, దాన్ని నేను వార్తల చాటున దాచుకున్నాను.

మొదటివారు చెప్పిన రాత్రి ఎనిమిదింటి నియమం మాత్రం గురువారం చెడింది. నేను ఏ వార్తల యాప్‌నూ తెరవలేదు. పాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒకే వార్తను ఆరుగురు పంపారు. ఏడవవారు అది అబద్ధమన్నారు. ఇక ఆ వాదం చదవకుండా ఉండలేకపోయాను. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

రెండవ సమాధానం రాసినవారు

ఉంది. గ్రూపును మ్యూట్ చేయండి. ఎనిమిది గంటలు, ఒక వారం, ఎప్పటికీ అని మూడు అవకాశాలు చూపిస్తుంది. మూడవది నొక్కితే మళ్లీ బెంగ పెట్టుకుంటారు కాబట్టి ప్రస్తుతానికి వారం చాలు. మీతో నిజంగా పని ఉన్నవారు ఎలాగూ ఫోను చేస్తారు. అన్నట్టు, ఆధారపత్రం దొరికిందా?