ఏంజెల్ రెక్కలు కొరికే టైగర్ బార్బ్‌లు: తీసేయాలా, ఇంకా తెచ్చి కలపాలా?

నీటిగది:
అక్వేరియం ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. రెండు ఏంజెల్ చేపలు, మూడు టైగర్ బార్బ్‌లు, అడుగున ఆరు కోరిడోరా చేపలు ఉన్నాయి. బార్బ్‌లలో ఒకటి మిగతా రెంటినీ తరుముతోంది, ఆ రెండూ పోయి ఏంజెల్స్ మీద పడుతున్నాయి. పొట్ట కింద వేలాడే పొడుగు రెక్కలు సగానికి తెగిపోయాయి. తిండి వేసినా ఏంజెల్స్ ఫిల్టరు వెనక నుంచి బయటికి రావట్లేదు. ఇంకో ఏడు తెచ్చి కలిపితే సర్దుకుంటాయని షాపాయన అంటున్నాడు. మా అన్నయ్యేమో ఆ మూడింటినీ తీసేయమంటున్నాడు. మీరేమంటారు?

చెరువుగట్టు:
షాపాయన అమ్ముకోడానికే చెప్పాడనుకోకండి, ఆ మాటలో పస ఉంది. టైగర్ బార్బ్ సుమత్రా, బోర్నియో వాగుల్లో పుట్టిన గుంపు చేప. గుంపులో ఎవరిది పైచేయో తేల్చుకోడానికి రోజంతా ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉంటుంది. ఎనిమిదో పదో ఉంటే ఆ తరుములాట వాటిలో వాటికే సరిపోతుంది, ఏ ఒక్కదాని మీదా భారం పడదు. మూడే ఉంటే ఒకటి పెత్తనం చేస్తుంది, మిగతావి పక్క చేపల మీద పడతాయి. మా ట్యాంకులో గుంపు పెంచాక గౌరామీ చేపల జోలికి పోవడం బాగా తగ్గింది. తీసేయడం తేలికే కానీ, ఆ మూడూ ఇంకో ఇంట్లో ఇంకో చేపను కొరకవా?

పచ్చనాచు:
గట్టు గారూ, తగ్గిందన్నారు కానీ ఆగిపోయిందనలేదు. గౌరామీకైతే అది చాలొచ్చు, ఏంజెల్‌కి చాలదు. ఏంజెల్ నెమ్మదైన చేప, పైగా రెక్కలు జండాల్లా వేలాడుతుంటాయి. బార్బ్ కంట పడ్డాక కొరక్కుండా ఉండదు. తెగిన చోట తెల్లగా కుళ్లు మొదలైతే అది వేరే తలనొప్పి. తిండి సంగతీ చూడండి. పది బార్బ్‌లు దూకే చోట ఏంజెల్‌కి మిగిలేదేముంది?

ఇంకోటి. మీరు చెప్పిన కొలతలకు నిండుగా పోస్తే 127 లీటర్లు. ఇసుక, రాళ్లు పోగా ఇంకా తక్కువ. ఏడు చేపల్ని ఒకేసారి దింపితే ఫిల్టరులో ఉండి చేపల మలినాన్ని శుభ్రం చేసే బాక్టీరియా అందుకోలేదు, అమ్మోనియా పెరుగుతుంది. కొత్త చేపల్ని కనీసం రెండు మూడు వారాలు విడిగా ఉంచి జబ్బులు లేవని చూసుకోవాలి కదా, అన్నాళ్లూ ఆ ఏంజెల్స్ ఏం కావాలి?

రాతిగుహ:
నేను ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్స్ పెంచుతాను, చోటు కోసం కొట్లాడే చేపలవి. వాటి దగ్గర కిక్కిరిసేలా చేపలు వేసి, పెద్ద ఫిల్టరు పెట్టడం మామూలు పద్ధతే. ఏ చేపకీ ఇంత చోటు నాదే అనుకునే వీలుండదు, కొట్లాట తగ్గుతుంది. కాబట్టి సంఖ్య పెంచడం వట్టి షాపు మాట కాదు.

పచ్చనాచు:
అక్కడ అన్నీ దాదాపు ఒకే తీరు చేపలు, ఒకే పాటి బలం. కొట్లాట రాతి సందు కోసం. ఇక్కడ చోటు కోసం గొడవే లేదు. కొరికేది ఒక జాతి, కొరికించుకునేది ఇంకో జాతి. గుంపు పెంచితే బార్బ్‌లకు బార్బ్‌ల బాధ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. దానికి వాటికో సొంత ట్యాంకు కావాలి. ఏంజెల్స్‌ని ఆ ప్రయోగంలో పెట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

చెరువుగట్టు:
పచ్చనాచు గారూ, రెండు మూడు వారాలు విడిగా ఉంచాలన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. అయితే నీటిగది గారు ఒకటి గమనించాలి. ఏంజెల్స్ కూడా సిక్లిడ్సే. జత కట్టి ఆకు మీద గుడ్లు పెడితే అవే అందర్నీ తరుముతాయి. బార్బ్‌లు పోయాక కోరిడోరాల మీద పడుతున్నాయేమో చూసుకోండి. ట్యాంకులో రాళ్లు, మొక్కలు చోటు మార్చండి. పొడవాటి ఆకుల మొక్కలు పెట్టి చూపు అడ్డుకుంటే తరిమేవాటికి దారి తెగుతుంది.

నీటిగది:
షాపులో వెనక్కి తీసుకోకపోతే మా బావగారు ఊరి చెరువులో వదిలేద్దామంటున్నారు. మూడే కదా అని.

పచ్చనాచు:
దయచేసి ఆ పని మాత్రం చేయకండి. దెయ్యం చేప అంటున్నామే, ఆ ముళ్ల సక్కర్ క్యాట్‌ఫిష్, అది దక్షిణ అమెరికాది. అక్వేరియం వ్యాపారంలో మన దేశానికి వచ్చింది. ఇవాళ కృష్ణా, గోదావరి జిల్లాల చేపల రైతుల వలలు చింపుతోంది, గట్లకు బొరియలు పెడుతోంది, పెంపకం చేపల మేత తినేస్తోంది. జబ్బులూ అలాగే చెరువుకెక్కుతాయి. షాపు కాదంటే బార్బ్‌లు మాత్రమే పెంచేవాళ్లకు ఊరికే ఇచ్చేయండి.

రాతిగుహ:
చెరువు మాటలో నేనూ పచ్చనాచు గారి వైపే. బార్బ్‌ల ట్యాంకు ఉన్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు, అడిగి చెబుతాను.

నీటిగది:
సరే, ఏడు తేవడం మానేశాను. ఈలోగా ఆ కొరికేవాటిని ఏం చేయను?

పచ్చనాచు:
చిల్లుల ప్లాస్టిక్ షీటుతో ట్యాంకుని రెండు భాగాలు చేసి బార్బ్‌లను ఒక పక్కకు తోలండి. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయండి. నీళ్లు శుభ్రంగా ఉంటే చిరిగిన రెక్క మళ్లీ పెరుగుతుంది. మొదలంటా తెగినది మాత్రం సరిగా రాకపోవచ్చు. ఏంజెల్స్ తిండికి వస్తున్నాయో లేదో రేపు చెప్పండి.