కాటన్ దొర ఇంటిపేరులో పత్తి ఉందా?

గోదావరి_గట్టు:
మా అమ్మాయికి బడిలో సర్ ఆర్థర్ కాటన్ మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఎనిమిదో తరగతి. అట్ట మీద విచ్చుకున్న పత్తికాయ బొమ్మ వేసి, కింద 'దొరగారి పూర్వీకులు ఇంగ్లండులో పత్తి వ్యాపారులు, అందుకే ఆ ఇంటిపేరు' అని గుండ్రంగా రాసుకుంది. నాకు తప్పేమీ కనబడలేదు. నేను పెరిగింది ధవళేశ్వరంలో. మా చిన్నప్పుడు మాస్టారు చెప్పిందీ అదే.

నిన్న భోజనాల దగ్గర మా బావమరిది ఆ పుస్తకం తిరగేసి, 'బావగారూ, ఆ పేరుకూ పత్తికీ ఏ సంబంధమూ లేదు, దాని అర్థం గుడిసెలు' అన్నాడు. ఇంగ్లీషు లెక్చరర్ కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. ఊరికే ఒప్పుకోవడానికీ మనసు రాలేదు. పుస్తకం సోమవారం ఇవ్వాలి. తెలిసినవారు చెప్పండి.

పత్తిచేను:
మీ మాస్టారు చెప్పిందే నిజం. ఇంగ్లీషువాళ్ల ఇంటిపేర్లు ఎన్నో వృత్తుల నుంచి వచ్చినవే కదా. స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. కాటన్ ఒక్కటే ఎందుకు వేరవుతుంది? పైగా లాంకషైర్ అంతా పత్తి మిల్లులేనాయె. ఇంకో మాట. గోదావరి మీద పడవలు నడిపి ఇప్పటి మహారాష్ట్రలోని బీరారు పత్తిని సముద్రం దాకా తేవాలని పట్టుబట్టినవాడు ఈ కాటనే. దుమ్ముగూడెం పనుల వెనక ఉన్న ఆలోచన అదే. పేరుకు తగ్గ మనిషి.

అక్షరపురుగు:
పత్తిచేను గారూ, దుమ్ముగూడెం సంగతి నిజమే. కానీ ఆయన ఏం చేశాడన్నది వేరు, ఆయన తాతముత్తాతలకు ఆ పేరు ఎలా పడిందన్నది వేరు. మీ వాదన కాలం దగ్గరే కూలిపోతోంది.

ఇంగ్లండులో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి దిగడం ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వచ్చాక మొదలై, 1400 నాటికి చాలామందికి స్థిరపడింది. లాంకషైర్ పత్తి మిల్లులు 18వ శతాబ్దపు సంగతి. అంతకుముందు 16వ శతాబ్దంలో 'మాంచెస్టర్ కాటన్లు' అని అమ్మిన బట్ట నిజానికి ఉన్ని! మీద నూగు లేపిన ఉన్ని బట్టకు ఆ పేరు పెట్టి అమ్ముకున్నారు. పత్తి అనే అర్థంలో 'కాటన్' మాట అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. అది ఎక్కడో పుట్టి అతిథిగా వచ్చిన మాట.

ఇంటిపేరు కాటన్ ఆ దేశపు మట్టిలో పుట్టింది. పాత ఇంగ్లీషులో 'కొట్' అంటే గుడిసె, పాక. ఇప్పటి 'కాటేజ్'లో ఉన్నది అదే. పావురాల గూటికి 'డవ్‌కోట్' అంటారు, అందులోనూ అదే. దాని బహువచనానికి విభక్తి చేరితే 'కొటుమ్'. 'ఎట్ థెమ్ కొటుమ్' అంటే 'ఆ పాకల దగ్గర' అని. ఆ కొటుమ్ జనం నోళ్లలో నలిగి కొన్నిచోట్ల కోటన్, కొన్నిచోట్ల కాటన్, ఇంకొన్నిచోట్ల కాటమ్, కోథమ్ అయింది. అన్నీ ఊళ్ల పేర్లే. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు అవే ఇంటిపేర్లయ్యాయి. పాత దస్తావేజుల్లో పేరుకు ముందు ఫ్రెంచి 'ద' కనిపిస్తుంది, 'ఫలానా ఊరివాడు' అనే అర్థంలో. కమ్మరి పేరు ముందు ఆ 'ద' ఎందుకు ఉంటుంది?

పత్తిచేను:
మిల్లులు లేకపోతే పత్తే లేదంటే ఎలాగండీ? యోధులు ఇనుప కవచం కింద వేసుకునే దూది కుట్టిన చొక్కా పేరు 'ఏక్టన్'. అది అరబ్బీ 'అల్-కుత్న్' నుంచి వచ్చిందే. అంటే మిల్లులకు వందల ఏళ్ల ముందే దూది ఇంగ్లండు చేరింది. చేరిందంటే అమ్మినవాడు ఉంటాడు. అమ్మినవాడు ఉంటే వాడికో పేరూ పడుతుంది. అక్కడ పెప్పర్ అని ఇంటిపేరుంది, మిరియాల వర్తకుడికి పడినది. మరి కాటన్ ఎందుకు పడకూడదు?

అక్షరపురుగు:
ఇది బలమైన మాట, ఒప్పుకుంటాను. ఎక్కడో ఒక దూది వర్తకుడికి ఆ పేరు పడి ఉండవచ్చు, కాదని ప్రమాణం చేయను. కానీ ఈ చర్చ మన దొరగారి గురించి. ఆయన వంశం ఎవరో తెలియనిది కాదు. ఛెషైర్‌లో ష్రాప్‌షైర్ సరిహద్దును ఆనుకుని కంబర్‌మియర్ ఆబీ అనే పాత మఠం ఉంది. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు, 1539లో, అది జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. ఆర్థర్ కాటన్ ఆ ఇంటి వాడు. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న లార్డ్ కంబర్‌మియర్ ఆయన దాయాదే. ఈ కాటన్ల మూలం ష్రాప్‌షైర్‌లో వెమ్ పట్నం దగ్గరి కాటన్ అనే ఊరు. భూస్వాములు, మఠం ఆస్తి దక్కించుకున్నవాళ్లు. దూది మూట ఎక్కడా లేదు.

పైకి వినబడే అర్థాన్ని నమ్ముకుంటే ఇంకా చాలా తిప్పలు వస్తాయి. వాకర్ అంటే నడకగాడు అనుకుంటాం. అతను ఉన్ని బట్టను తొట్టెలో వేసి కాళ్లతో తొక్కి గట్టిపరిచేవాడు.

పల్లెకొట్టం:
ఇంత దూరం వెళ్లాలా? కొటుమ్ అనగానే నాకు కొట్టం వినబడింది. పశువుల కొట్టం, గడ్డి కొట్టం. అర్థం కూడా అదే, పాక! తెలుగు మాటే అక్కడికి వెళ్లిందని ఎందుకు అనకూడదు?

అక్షరపురుగు:
అనకూడదు. మీరు జత కలిపిన 'ఉమ్' అక్కడ మూలపదంలో లేదు, అది విభక్తి తోక. మన కొట్టములో 'ము' ప్రథమా విభక్తిది. రెండు తోకలూ కోసేసి చూడండి, మిగిలేది ఒక చిన్న ముక్క. అంత చిన్న ముక్కలు ప్రపంచంలో ఏ రెండు భాషల మధ్యనైనా దొరుకుతాయి. ఐస్‌లాండు వాళ్లకు 'కొట్' ఉంది, డచ్చివాళ్లకూ 'కొట్' ఉంది, జర్మనీ ఉత్తరాన 'కాటె' ఉంది. ఆ కుటుంబమంతా అక్కడే ఇరుగుపొరుగున కాపురం ఉంటుండగా కొట్టానికి ఓడ ఎక్కించడం దేనికి?

మీ బాధ కొంత తీరడానికి ఒక మాట చెబుతాను. మంచం అనే అర్థంలో ఇంగ్లీషువాళ్లు వాడే 'కాట్' మాత్రం మన దేశం నుంచి వెళ్లిందే. హిందీ 'ఖాట్'. కంపెనీ రోజుల్లో పట్టుకెళ్లారు.

పల్లెకొట్టం:
పోనీలెండి, మంచమైనా దక్కింది.

లెస్టర్_బాబాయి:
నేను ఇంగ్లండు మధ్య జిల్లాల్లో ఉంటాను. ఇక్కడ దారిపొడవునా ఈ పేరు బోర్డులే. కేంబ్రిడ్జి పక్కన ఒక కోటన్ ఉంది. స్టాఫర్డ్‌షైర్‌లో కోటన్ వేరు, కాటన్ వేరు. సఫక్‌లో ఇంకో కాటన్. డెర్బీషైర్‌లో 'కోటన్ ఇన్ ది ఎల్మ్స్' అని ఒక ఊరుంది. ఆ ఊరి పక్క పొలం బ్రిటన్ మొత్తంలో సముద్రానికి అన్నిటికంటే దూరమైన చోటు, సుమారు 113 కిలోమీటర్లు. సముద్రపు అంచున డెల్టాను పండించిన మనిషి ఇంటిపేరుకు సోదరుడైన ఊరు అక్కడ పడింది చూడండి.

ఒకసారి బండి ఆపి దిగాను. తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలు, ఒకే ఒక్క 'టి'. పక్కన ఎర్ర ఇటుకల ఇళ్లు, ఒక చర్చి గోపురం. పాకలూ లేవు, పత్తీ లేదు. ఈ దేశపు చలికి పత్తి మొలకెత్తినా కాయ విచ్చుకోదు.

ఒకే పేరున్న ఊళ్లు ఇన్ని ఉండటం వల్ల జరిగింది ఏమిటంటే, కాటన్లందరూ ఒక్క తాత మనవలు కారు. ఎవరి ఊరు వారిది, ఎవరి పాకలు వారివి. అందుకే ఈ ఇంటిపేరు మధ్య ఇంగ్లండులో అక్కడక్కడా చిలికినట్టు కనిపిస్తుంది. స్మిత్‌లా వీధికొకటి ఉండదు.

బ్రహ్మపుత్ర_తెలుగు:
మధ్యలో వచ్చానేమో. గువాహటిలో 1901లో పెట్టిన కాటన్ కాలేజీ ఉంది, ఇప్పుడది కాటన్ యూనివర్సిటీ. అది మన దొరగారి పేరేనా?

అక్షరపురుగు:
కాదండీ. ఆయన సర్ హెన్రీ కాటన్, అస్సాం చీఫ్ కమిషనర్. 1845లో కుంభకోణంలో పుట్టాడు. 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించాడు. లెస్టర్_బాబాయి గారు చెప్పినట్టు, పేరు ఒకటైనంత మాత్రాన ఇల్లు ఒకటి కాదు.

టెక్సాస్_తెలుగు:
అమెరికా వైపు నుంచి ఒక ప్రశ్న. ఇక్కడ ఆఫ్రికన్ అమెరికన్లలో ఈ ఇంటిపేరు బాగానే వినిపిస్తుంది. బ్లూస్ సంగీతంలో మౌత్ ఆర్గాన్‌కు పేరు తెచ్చిన జేమ్స్ కాటన్ 1935లో మిసిసిపీలోని ట్యూనికాలో పుట్టాడు, చుట్టూ పత్తి చేలే. అక్కడైనా పత్తిచేను గారి మాట నిలబడదా?

అక్షరపురుగు:
ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పను. 1865లో బానిసత్వం పోయాక చాలా కుటుంబాలు ఇంటిపేర్లు రాయించుకున్నాయి. కొందరు పాత యజమాని పేరు ఉంచుకున్నారు, కొందరు తమకు నచ్చినది ఎంచుకున్నారు. యజమాని కాటన్ అయితే ఆ పేరు మళ్లీ ఇంగ్లండు పాకల దగ్గరికే చేరుతుంది. పత్తి చేనులో వెన్ను వంచిన మనిషి పేరులో పత్తి లేకుండా, వాళ్లను కొన్నవాడి తాతల ఊరు ఉండటం! తామే ఎంచుకున్న కుటుంబం ఉంటే వాళ్ల మనసులో పత్తే ఉండి ఉండవచ్చు. ఏ ఇంటికి ఆ ఇంటి కాగితాలు చూడాల్సిందే, నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను.

పత్తిచేను:
అమ్మయ్య, ఒక్కచోటైనా తలుపు తెరిచి ఉంచారు.

కృష్ణా_కాలువ:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. అక్షరపురుగు గారు విభక్తి గురించి ఒక ముక్క అని దాటేశారు. నాకు ఈ మొత్తంలో రుచించింది అదే.

కాటన్ అంటే వట్టి 'పాకలు' కాదు, 'పాకల దగ్గర'. మాట ఏ విభక్తిలో ఉందో ఆ విభక్తితోనే గడ్డకట్టింది. మనం చేసేది అచ్చంగా ఇదే! ఊరు వేమూరు, ఇంటిపేరు వేమూరి. ఊరు కొండవీడు, ఇంటిపేరు కొండవీటి. బడిలో ఔపవిభక్తికాలని బట్టీ పట్టించారు, ఊరు ఊరి, ఇల్లు ఇంటి, పాడు పాటి అని. అవే మన పేర్ల చివర కూర్చున్నాయి. అసలు 'ఇంటిపేరు' అనే మాటలోనే ఒకటి ఉంది. తేడా ఒక్కటే. వాళ్ల భాషలో ఆ విభక్తులు ఎప్పుడో రాలిపోయాయి కాబట్టి కాటన్ చివరి అక్షరం ఎందుకుందో వాళ్లకే తెలియదు, పత్తి అనుకుంటారు. మనకు ఇంకా నాలుక మీద ఉన్నాయి కాబట్టి వేమూరి అనగానే ఊరు కనిపిస్తుంది.

పత్తిచేను గారికి మన దగ్గరి ఉదాహరణే ఇస్తాను. ప్రత్తిపాటి వారున్నారు. వాళ్లు పత్తి వర్తకులా? కాదు, ప్రత్తిపాడు నుంచి వచ్చినవాళ్లు. గుంటూరు వైపు ఒక ప్రత్తిపాడు ఉంది, కాకినాడ వైపు మరొకటి ఉంది. రెండు ఊళ్ల వాళ్లూ చుట్టాలు కావాలని లేదు. ఊరికి ఆ పేరు పత్తి వల్ల వచ్చిందేమో గానీ మనిషికి వచ్చింది మాత్రం ఊరి వల్ల.

ఇంతకూ కాటన్‌ను తెలుగులోకి దింపితే ఏమవుతుందో చెప్పనా? ప్రత్తిపాటి కాదు. పాకలపాటి!

లెస్టర్_బాబాయి:
పాకలపాటి ఆర్థర్ గారు. గోదావరి జిల్లాల్లో ఎవరూ రెండోసారి తల తిప్పి చూడరు.

అక్షరపురుగు:
కృష్ణా_కాలువ గారూ, చప్పట్లు. అయితే పాకలపాడులో ఉన్నది నిజంగా పాకేనా అన్నది మరో చర్చ, నేనే పత్తిచేను గారి తప్పు చేయకూడదు.

ఒక చిన్న కొసరు. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌కు మిగిలిన ఒకే ఒక్క రాతప్రతిని దాచినవాడు కూడా ఒక కాటనే, సర్ రాబర్ట్ కాటన్. 1571లో పుట్టి 1631లో పోయాడు. ఆయన పుస్తకాల బీరువాల మీద రోమను చక్రవర్తుల తల బొమ్మలు ఉండేవి. అందుకే ఆ ప్రతిని ఇప్పటికీ 'కాటన్ విటెల్లియస్ ఎ 15' అని పిలుస్తారు. విటెల్లియస్ తల ఉన్న బీరువా, పై అర, పదిహేనో పుస్తకం. 1731లో ఆ పుస్తకాలున్న ఇల్లు అంటుకుంటే అంచులు కాలి బయటపడింది. ఆ ప్రతి నిండా 'ఉమ్' తోకలే. తన ఇంటిపేరు చివర నలిగిపోయిన విభక్తిని, అది బతికి ఉన్న పుస్తకంతో సహా బీరువాలో పెట్టుకున్నాడు పాపం.

పత్తిచేను:
సరే, మన దొరగారి వరకు నేను వెనక్కి తగ్గాను. దుమ్ముగూడెం మాత్రం వదలను.

గోదావరి_గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయికి పాకలపాటి సంగతి చెప్పగానే ఎగిరి గంతేసింది, వాళ్ల తరగతిలో ఆ ఇంటిపేరు పిల్ల ఉందట. పత్తికాయ మీద తెల్ల కాగితం అంటించి నాలుగు పాకలు వేసింది. వెనక రెండు కొబ్బరిచెట్లు కూడా వేసింది. ష్రాప్‌షైర్‌లో కొబ్బరిచెట్లు ఉండవమ్మా అంటే, 'తాటిచెట్లు వేయనా?' అంది. ఆనకట్ట 1852లో పూర్తయిన సంగతి, ఇప్పటి బ్యారేజీ 1982 నాటిదన్న సంగతి లోపల ఎలాగూ ఉన్నాయి.

మా బావమరిది బొమ్మ చూసి, పైకప్పు అలాగే ఉంటుంది గానీ గోడలు అలా ఉండవని మొదలుపెట్టాడు. పుస్తకం లాక్కుని సంచిలో పెట్టేశాను.