8వ తరగతిలో ఒక్క అబ్బాయి వల్ల పీరియడ్ మొత్తం పోతోంది, ఏం చేయాలి?

లెక్కల టీచర్, ఆదోని వైపు

అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఉద్యోగంలో చేరి ఇది రెండో సంవత్సరం. 8-బి సెక్షన్లో 43 మంది ఉన్నారు, అందులో ఒక అబ్బాయి, పదమూడేళ్లుంటాయి, పీరియడ్ మొదలైన పది నిమిషాలకి డెస్క్ మీద దరువు మొదలుపెడతాడు, లేదంటే ముందు వాడి చొక్కా మీద ఇంకు చల్లుతాడు, ఈల వేస్తాడు. నేను అటు తిరిగితే తల దించుకోడు, నన్ను చూస్తూనే చేస్తాడు. ముందు బెంచీలో కూర్చోబెట్టాను, బయట నిలబెట్టాను, ఒకసారి కోపంలో గుంజీలు కూడా తీయించాను. ఏదీ రెండు రోజులకి మించి పనిచేయలేదు. ఇంట్లోవాళ్లని పిలిపిస్తే వాళ్ల అవ్వ వచ్చింది, అమ్మానాన్న గుంటూరు వైపు సుగ్గికి పోయారట, మిరపకాయల కోతలకి, ఆమె ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకే తెలియలేదు. తెలుగు సార్ పీరియడ్లో మాత్రం మామూలుగానే ఉంటాడట, అది విన్నాక ఇంకా బాధేసింది. 8-బి అంటేనే టెన్షన్ వచ్చేస్తోంది, ముందు రోజు రాత్రి నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత హెడ్‌మాస్టర్

అమ్మా, మీ పోస్టులో అన్నిటికంటే పనికొచ్చే మాట తెలుగు సార్ పీరియడ్ గురించి చెప్పిందే. పిల్లవాడి స్వభావమే అది అయితే అన్ని పీరియడ్లలోనూ అలాగే ఉండాలి కదా. అంటే మీ పీరియడ్లో ఏదో ఒకటి వాడిని కదిలిస్తోంది. మూడు రోజులు ఏ శిక్షా వేయకుండా ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, వాడు అల్లరి మొదలుపెట్టే ముందు క్లాసులో సరిగ్గా ఏం జరుగుతోంది, వాడేం చేశాడు, చేసిన వెంటనే వాడికి ఏం దక్కింది, ఈ మూడే రాయండి. డీఎస్సీకి చదివినప్పుడు పునర్బలనం అని చదువుకున్నాం కదా, అంటే ఒక పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫలితం, మనం శిక్ష అనుకుని చేసే పనే ఒక్కోసారి పునర్బలనం అయిపోతుంది. బోర్డు దగ్గరికి పిలుస్తారేమోనని భయపడే పిల్లవాణ్ణి ఈల వేసినందుకు బయటికి పంపారనుకోండి, వాడికి కావలసింది అదే, రేపు మళ్లీ ఈల వేస్తాడు. నా మొదటి స్కూల్లో ఒక పిల్లవాణ్ణి దాదాపు సంవత్సరం అలా వరండాలోనే పెంచాను, వాడికి చదవడం రాదని నాకు మార్చిలో తెలిసింది. ఇప్పటికీ ఆ పిల్లవాడు గుర్తొస్తాడు.

ముగ్గురు పిల్లల తండ్రి

ఎవరూ ఏమీ అనుకోకండి, మా రోజుల్లో రెండు దెబ్బలు పడితే దారికొచ్చేవాళ్లం. మిగతా 42 మంది చదువు సంగతేంటి? వాళ్ల తల్లిదండ్రులు కూడా పొద్దున్నే కూలికి పోయి పంపిస్తున్నవాళ్లే.

సోషల్ టీచర్, పాలమూరు

అన్నా, 42 మంది గురించి మీరు అడిగింది న్యాయమే, కానీ దెబ్బ దగ్గర మాత్రం ఒప్పుకోను. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం కొట్టడం, మానసికంగా హింసించడం రెండూ నిషేధం, చేసినవాళ్ల మీద సర్వీసు రూల్స్ కింద చర్య ఉంటుంది. గుంజీలు కూడా అందులోకే వస్తాయి మేడం, అది ఇక చేయకండి. చట్టం పక్కన పెట్టినా, నేను ఒకప్పుడు కొట్టినవాణ్ణే. క్లాసు ఆ రోజుకి చప్పుడు లేకుండా ఉండేది. నేను కొట్టిన ఒక అబ్బాయి మాత్రం బడికి రావడమే మానేశాడు, ఇంటికి వెళ్లి బతిమాలినా రాలేదు, తర్వాత హోటల్లో ప్లేట్లు కడుగుతూ కనిపించాడు. ఆ మిగతా 42 మంది కోసం చెప్పాలంటే, మేడం, బోర్డు మీద రాసేటప్పుడు వీపు పూర్తిగా తిప్పకండి, వరసల మధ్య తిరుగుతూ చెప్పండి. వాడి బెంచీ దగ్గర ఆగి, పేరు గట్టిగా పిలవకుండా డెస్క్ మీద చెయ్యి పెట్టి పాఠం కొనసాగించండి. పదిమందిలో మాటకి మాట పెంచితే పదమూడేళ్లవాడు వెనక్కి తగ్గడు, తగ్గితే స్నేహితుల ముందు పరువు పోతుందనుకుంటాడు.

భవిత కేంద్రం టీచర్

ఒక మాట కలుపుతున్నాను, మా భవిత కేంద్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్నది. కళ్లు, చెవులు చూపించారా? వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి, బోర్డు మీది అంకెలు ఎంత దూరం నుంచి చదవగలడో చూడండి. మీ స్కూలుకి ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం) వైద్య బృందం వచ్చినప్పుడు ఈ అబ్బాయి పేరు మీరే ముందు చెప్పండి. తర్వాత ఎవరూ లేనప్పుడు రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి చదివించండి, అక్షరాలు తారుమారు చేస్తుంటే, అంకెల స్థానాలు ఎప్పుడూ కలిపేస్తుంటే మీ మండలంలోని భవిత కేంద్రానికి పంపండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అభ్యసన వైకల్యం కూడా ఉంది. ఇది పొగరు అనుకుని ఏళ్ల తరబడి తిట్లు తిన్న పిల్లలని నేను రోజూ చూస్తుంటాను.

లెక్కల టీచర్, ఆదోని వైపు

అందరికీ చాలా థాంక్స్. నోట్‌బుక్ పెట్టాను. మూడు రోజుల్లో ఐదు సార్లు అల్లరి చేశాడు, ఐదూ నేను ఎవరినో ఒకరిని బోర్డు దగ్గరికి పిలవబోయే ముందే. బీజగణితం చెప్పినా మధ్యలో భాగహారం వస్తుంది కదా, అక్కడే. నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కణ్ణే కూర్చోబెట్టుకుని లెక్క అని చెప్పకుండా, మీ ఇంట్లో ముగ్గురు ఆరు రోజులు కోతకి పోతే, రోజుకి మనిషికి నాలుగు వందలైతే ఎంత వస్తుంది అని అడిగాను. కాగితం ముట్టుకోకుండా ఏడువేల రెండొందలు అన్నాడు. అదే 7200ని 18తో భాగించమని కాగితం మీద రాసిస్తే పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. 3, 4 తరగతుల్లో ఏటా సంక్రాంతి తర్వాత వాళ్ల అమ్మానాన్న వెంట సుగ్గికి పోయేవాడట, భాగహారం చెప్పే రోజుల్లో బడిలోనే లేడు. కళ్లు, చెవులు బాగానే ఉన్నట్టున్నాయి, తెలుగు కూడా చదువుతున్నాడు. ఇవాళ మళ్లీ ఈల వేశాడు, బయటికి పంపలేదు, నీతో బోర్డు మీద చేయించనులే అని మెల్లగా చెప్పాను, తర్వాత కూర్చున్నాడు. ఇప్పుడు నా ప్రశ్న, 8వ తరగతి పిల్లవాడికి మూడో తరగతి భాగహారం, వాడి పరువు పోకుండా ఎప్పుడు, ఎలా నేర్పాలి?

పాత హెడ్‌మాస్టర్

ప్రార్థనకి ముందు పది నిమిషాలు చాలమ్మా. వాడొక్కణ్ణే పిలవకండి, సుగ్గికి పోయి వచ్చిన ఇళ్లు మీ క్లాసులో ఇంకా ఉంటాయి, భాగహారం రానివాళ్లు కనీసం ఐదారుగురు తేలతారు, అందరినీ కలిపి కూర్చోబెట్టండి. కూలి డబ్బులు ముగ్గురికి పంచే లెక్కతోనే మొదలుపెట్టండి, అది వాడికి నోటితో వచ్చు, అదే కాగితం మీద ఎలా రాయాలో చూపిస్తే చాలు.